మూడో వరస కుట్టు

పొద్దున తొమ్మిది నుంచి పది దాకా ముందుగది కిటికీలోంచి మంచి వెలుతురు పడుతుంది. ఆ గంటసేపు గదిలోని పొడుగు బల్ల కోడలిది. మిగతా పగలంతా అత్తగారిది. ఈ ఒప్పందం ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గానీ నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. అత్తగారు పాత కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. కోడలు వాటిని తెల్లదుప్పటి మీద నిలబెట్టి ఫోటోలు తీసి, ఆన్‌లైన్ వేలం సైటులో పెట్టి అమ్ముతుంది. అక్కడ వాళ్ళ దుకాణం పేరు ‘అత్తాకోడళ్ళ మిషన్లు’. సగంమంది ఆ పేరు నిజమో కాదో చూసిపోదామనే వస్తారని కోడలి మొగుడి వాదన. అతను బస్సు డ్రైవరు. “అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. మీరిద్దరూ కలిసి ఆ సామెత పరువు తీస్తున్నారు” అని డ్యూటీకి పోతూ రోజూ ఒకసారి అనకపోతే అతనికి బస్సు కదలదు.

ఆ రోజు వెలుతురు ఇంకా బల్ల మీదికి పాకలేదు. దుప్పటి ముడతలు సర్దుతున్న కోడలు ఫోన్ మోగితే తీసి చూసింది. చూసి పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

ఆ సైటులో కొన్నవాళ్ళకి తృప్తి కలిగితే పచ్చగుర్తు పెడతారు, లేకపోతే ఎర్రగుర్తు. అప్పటిదాకా నాలుగేళ్ళలో రెండువందల పదకొండు మిషన్లు అమ్మారు. రెండువందల పదకొండూ పచ్చగుర్తులే. వాటి పక్కన సైటువాళ్ళే ఇచ్చిన బంగారు రంగు ముద్ర, ‘నమ్మకమైన అమ్మకందారు’ అని. కోడలు ఆ పేజీని ఏ పనీ లేకపోయినా తెరిచి చూసుకునేది. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషికి నూటికి నూరు మార్కులు రావడం జీవితంలో అదే మొదటిసారి. ఇప్పుడా పచ్చగుర్తులన్నిటి నెత్తి మీదా ఒక ఎర్రగుర్తు ఎక్కి కూర్చుంది. దాని కింద మూడు ముక్కలు: “మిషన్ కుట్టడం లేదు. కుట్టు తప్పుతోంది. ఫోటోలు చూసి మోసపోయాను.”

లోపల్నుంచి టీ గ్లాసులతో వచ్చిన అత్తగారు కోడలి ముఖం చూసి ఆగింది.

“ఏమైందమ్మాయ్?”

“మన మిషన్ కుట్టడం లేదట అత్తయ్యా. నల్లది, బంగారు పూల డిజైనుది. పోయిన వారం పంపామే, అది.”

“నా మిషనా?” అని అత్తగారు గ్లాసులు బల్ల మీద పెట్టి, గోడవైపు చూసింది.

గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక తీగ కట్టి ఉంటుంది. దానికి బట్టలారేసే క్లిప్పులతో చిన్నచిన్న గుడ్డముక్కలు వేలాడుతుంటాయి. ఒక మిషన్ పని పూర్తయితే అత్తగారు జానెడు పొడుగు గుడ్డ తీసుకుని దాని మీద నిలువుగా ఒకే ఒక్క వరస కుడుతుంది. తర్వాత ఆ గుడ్డని అడ్డంగా రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క మిషన్ సొరుగులో పెట్టి కొన్నవాళ్ళకి పంపిస్తుంది, రెండోది తీగకి పెడుతుంది. ఏ మిషన్ కుట్టు దానిదే, మనుషుల చేతిరాతలాగా. రేపెవరైనా ఇది మీ మిషన్ కాదన్నా, అవునన్నా రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే చాలునని ఆవిడ ధీమా. ఆ ముక్కలన్నిటిలో ఒక్కచోట కూడా ఒక్క కుట్టు తప్పి ఉండదు.

అత్తగారి ధీమా గోడ మీద ఉంటే, కోడలి ధీమా అలమర తలుపు వెనక ఉంటుంది. వ్యాపారం మొదలెట్టిన ఏడాదే ఎవరో గుర్తేమీ పెట్టకుండానే మిషన్ బాగాలేదని గోల చేసి, తిరిగి పంపిన పెట్టెలో పాత పేపర్లు చుట్టిన రెండు ఇటుకలు పెట్టారు. ఆ రోజు ఏడ్చి, మర్నాడు కోడలు ఒక కాగితం మీద రూల్స్ రాసి తలుపు వెనక అంటించింది. కొత్త ఖాతాలతో జాగ్రత్త. సైటు బయట మాట్లాడదామన్నవాళ్ళని నమ్మొద్దు. ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వొద్దు. ఇల్లు దాటే ప్రతి వస్తువుకీ ఫోటో ఉండాలి. తిరిగొచ్చిన పెట్టెని వీడియో తీస్తూ విప్పాలి, తగువు మీద సైటువాళ్ళ తీర్పు వచ్చేదాకా లోపలి వస్తువు ముట్టుకోకూడదు. అన్నిటికన్నా గొప్పది ఆమె సొంత తెలివి: అత్తగారు మిషన్ మూసిన తర్వాత తను ప్రతి మర నెత్తినా ఎర్ర గోళ్ళరంగు ఒక చుక్క పెడుతుంది. ఎవరైనా స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పారంటే ఆ చుక్క పగులుతుంది.

కోడలు కొన్నవాళ్ళ వివరాలు తెరిచింది. సైటులో పేరు గూటిపిచ్చుక, చిరునామా ఒకావిడ పేరు మీద ఉంది. ఫోటో లేదు. కొనడానికి తొమ్మిది రోజుల ముందే ఖాతా తెరిచారు. అంతకు ముందు ఏమీ కొనలేదు, ఏమీ అమ్మలేదు. చూస్తుండగానే ఇంకో మెసేజ్ వచ్చింది: “ఒకసారి ఫోన్‌లో మాట్లాడొచ్చా అండీ? నాకు రాయడం సరిగా రాదు. నంబరు ఇస్తారా?”

“మొదటి రూలు, రెండో రూలు, మూడో రూలు, మూడూ ఒక్క మనిషిలోనే దొరికాయి” అంది కోడలు. “ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.”

“నంబరిచ్చి ఓ మాట మాట్లాడితే పోలా? కుట్టు ఎక్కడ తప్పుతోందో అడిగితే నేను ఇక్కణ్ణుంచే చెప్పగలను.”

“అదే వాళ్ళకి కావలసింది అత్తయ్యా. మీరు మంచిగా మాట్లాడతారు, వాళ్ళు ముంచేస్తారు.”

కోడలు ‘మిషన్ తిరిగి పంపండి, పరిశీలిస్తాం’ అని సైటువాళ్ళ పద్ధతి ప్రకారం రెండు ముక్కలు రాసి పంపింది.

*

పెట్టె మూడో రోజు వచ్చింది. మొగుడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటే కోడలు కత్తెరతో టేపు కోసింది. ఇటుకలు లేవు. మిషన్ బరువంతా కదలకుండా నాలుగు మూలలా గట్టి అట్టలు మడిచి పెట్టి, చేతి చక్రాన్ని తాడుతో కట్టి, సూది తీసి విడిగా కాగితంలో చుట్టారు. తాము పంపినప్పటికన్నా ఇదే బాగా కట్టి ఉంది. ఆ సంగతి కోడలికి కనబడింది గానీ, దాన్ని పట్టించుకునే తీరిక ఆమెకి లేదు. ఆమె కళ్ళు మరల మీదే ఉన్నాయి.

“ఇదిగో, ఇక్కడ తియ్యండి. దగ్గరగా.”

సూది కింద ఉండే రేకుకి రెండు మరలు. రెంటి మీదా ఎర్రచుక్కలు పగిలి ఉన్నాయి.

“దొరికారు” అంది కోడలు.

సొరుగులో అత్తగారి గుడ్డముక్క కూడా ఉంది. ఆవిడ కుట్టిన వరస పక్కనే కొన్నావిడ ఇంకో వరస కుట్టింది. అందులో నాలుగు కుట్లు పడితే ఒకటి లేదు, పళ్ళూడిన దువ్వెనలాగా. కోడలు దానికి ఫోటో తీసి, ప్లాస్టిక్ కవర్లో వేసి అంటించేసింది. అత్తగారు మెల్లగా చెయ్యి చాపింది.

“ముట్టుకోకండి అత్తయ్యా. తీర్పు వచ్చేదాకా అది సాక్ష్యం.”

“రోగిని ఎదురుగా కూర్చోబెట్టి నాడి చూడొద్దంటావేం?”

“చూస్తే మీరే చెడగొట్టారంటారు.”

మిషన్ బల్ల చివర దుప్పటి కప్పుకుని కూర్చుంది. అత్తగారు ఈ చివర తన పని మొదలుపెట్టింది. ఆవిడ చేతిలో ఉన్నది దాని తోబుట్టువు లాంటిది. మూతబడ్డ ఒక టైలర్ షాపు నుంచి రెండూ కలిపి కొన్నారు, ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే బంగారు పూలు. దాని పని మూడువారాల కిందే అయిపోయింది, తీగ మీద దాని ముక్క కూడా ఉంది. వేలంలో పెట్టే ముందు ఒకసారి నూనె వేద్దామని తీస్తే, మూడు కుట్లు పడి దారం తెగింది.

అత్తగారు సూది మార్చింది. దారం మార్చింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ఎక్కించింది. తెగింది.

“దీనికి ఏదో అలక వచ్చింది” అంది.

మర్నాడు పొద్దున కూడా అదే అలక. అత్తగారు మిషన్ కింద చెయ్యి పెట్టి షటిల్ బయటికి తీసింది. అడుగు దారం చుట్టిన బాబిన్ కూర్చునే ఆ ఉక్కు ముక్క కోడిగుడ్డంత కూడా ఉండదు. సూది దించిన దారాన్ని దాని ముక్కే పట్టుకుని తిప్పితేనే కుట్టు పడుతుంది. దానికి మర లేదు, రెండు చిన్న కొక్కేలు జరిపితే చేతిలోకి వచ్చేస్తుంది. ఆవిడ ఆ ముక్కు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రాస్తూ కూర్చుంది. తర్వాత బల్ల ఆ చివరన దుప్పటి కప్పుకున్న మిషన్ వైపు చూసింది.

“అమ్మాయ్, దాన్ని ఒక్క నిమిషం తెరవనిస్తావా?”

కోడలు అప్పుడే సైటువాళ్ళకి సాక్ష్యంగా పదకొండో ఫోటో ఎక్కిస్తోంది. “రేపటిదాకా ఆగండత్తయ్యా. రేపు తీర్పు వచ్చాక మీ ఇష్టం వచ్చినట్టు తెరుచుకోండి.”

అత్తగారు షటిల్‌ని జేబురుమాల్లో చుట్టి పక్కన పెట్టి, మిగిలిన రోజంతా వేరే మిషన్‌కి బెల్టు మార్చుకుంటూ గడిపింది.

*

తీర్పు పొద్దున్నే వచ్చింది. కోడలు నిలబడే చదివింది. కొనుగోలుదారు యంత్రాన్ని విప్పినట్టు సాక్ష్యాల వల్ల రుజువైంది. ఫిర్యాదు చెల్లదు. ఎర్రగుర్తు రెండు రోజుల్లో తొలగిస్తారు. డబ్బు అమ్మకందారుకే చెందుతుంది, యంత్రం కొనుగోలుదారుకి తిరిగి పంపాలి. కొనుగోలుదారు ఖాతాని ‘తప్పుడు ఫిర్యాదుదారు’గా నమోదు చేశారు, ఆరునెలల పాటు వేలంలో పాడటానికి వీల్లేదు.

“గెలిచాం అత్తయ్యా.” ఆమె ఫోన్ ఎత్తి చూపించింది. ఇటుకల పెట్టె ముందు కూర్చుని ఏడ్చిన ఆడది ఇవాళ ఒక్క గోళ్ళరంగు సీసాతో కేసు గెలిచింది. అలమర తలుపు తెరిచి తను రాసుకున్న కాగితాన్ని ఒకసారి చేత్తో నిమిరింది కూడా.

“మా ఆవిడ లాయరై పుట్టాల్సింది” అన్నాడు మొగుడు, బూట్లు తొడుక్కుంటూ.

అత్తగారు మాత్రం, “ఇప్పుడు ముట్టుకోవచ్చా?” అని అడిగింది.

ఆవిడ ముందు మిషన్ జోలికి పోలేదు. కవరు చింపి గుడ్డముక్క బయటికి తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కొన్నావిడ కుట్టిన వరస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నడిపించింది.

“దారం సరిగా ఎక్కించకపోతే కుట్టు వదులవుతుంది. చెయ్యి తిరగనివాళ్ళయితే వరస వంకరపోతుంది. ఇది చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంది. ఈవిడ బాగా పని తెలిసిన మనిషి. కుట్టు తప్పింది గానీ చెయ్యి తప్పలేదు.”

అత్తగారు తిరిగొచ్చిన మిషన్ కింద కొక్కేలు జరిపి షటిల్ తీసింది. జేబురుమాల్లోది దీన్లో పెట్టింది. దీన్లోది తీసుకెళ్ళి దారం తెంపుతున్న మిషన్‌లో పెట్టింది. తర్వాత చక్రం తిప్పింది. అలిగిన మిషన్ అలక మానేసింది. తిరిగొచ్చిన మిషన్ దగ్గరికొచ్చి, సూది బిగించి దాన్నీ తిప్పింది. జానెడు వరస, ఒక్క కుట్టు తప్పలేదు.

ఆ షటిళ్ళు కంపెనీలో తయారైనప్పుడు ఏ మిషన్‌కైనా సరిపోతాయి. అత్తగారి చెయ్యి పడ్డాక సరిపోవు. ఆవిడ ఒక్కోదాని ముక్కునీ సన్న ఆకురాయితో ఆ మిషన్ అరుగుదలకి తగ్గట్టు, వెంట్రుకవాసి లెక్కన అరగదీస్తుంది. అందుకే ఆ మిషన్లు అంత బాగా కుడతాయి. అందుకే ఒకదానిది ఇంకోదానికి పెడితే సరిగా కుట్టవు.

కోడలికి ఫోటోలు తీసిన రోజు గుర్తొచ్చింది. పదవుతోంది, వెలుతురు బల్ల దిగిపోతోంది. ‘అడుగుభాగం చూపించండి’ అని కొనేవాళ్ళు ఊరికే అడుగుతుంటారని రెండు మిషన్ల షటిళ్ళూ ఒకేసారి తీసి తెల్లదుప్పటి మీద పక్కపక్కన పెట్టింది తనే. గబగబా ఫోటోలు తీసి తిరిగి పెట్టిందీ తనే. అప్పటికే అత్తగారు గుడ్డలు కుట్టేసి తీగకి పెట్టేసింది. మళ్ళీ కుట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. మరలన్నిటి మీదా చుక్కలు పెట్టిన మనిషి, మర లేని దాని సంగతి మర్చిపోయింది.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

“నేనే మార్చేశానని రాసెయ్” అంది అత్తగారు. “ముసలిదాని కళ్ళు, ఎవరేమనుకుంటారు.”

“మీరు మార్చలేదు కదా.”

“అసలు ఎందుకు రాయాలి?” అన్నాడు మొగుడు, ఒక బూటుతోనే లేచి. “ఎలాగూ మిషన్ ఆవిడకే పంపాలి. బాగుచేసి పంపించెయ్. ఆవిడకి కుట్టే మిషన్ దొరుకుతుంది, నీకు ఎర్రగుర్తు పోతుంది. గెలిచిన కేసు ఎవరైనా చేజేతులా ఓడిపోతారా?”

అతను చెడ్డవాడు కాదు. అతను చెప్పినదాంట్లో తప్పు వెతకాలంటే కోడలికి కూడా వెంటనే దొరకలేదు. ఆవిడకి మిషన్ వస్తుంది, తనకి నూటికి నూరు ఉంటాయి. ఇంక నష్టపోయేదెవరు? ఫోన్ తీసి గూటిపిచ్చుక పేజీ తెరిచింది. ఖాళీ పేజీ. ఫోటో లేదు, గుర్తులు లేవు. పైన అడ్డంగా బూడిదరంగు పట్టీ మాత్రం కొత్తగా వచ్చింది, తప్పుడు ఫిర్యాదుదారు అని. కొత్త పలక మీద మొదట రాసిన అక్షరాలు అవే.

ఆ అక్షరాలు రాయించింది తనే. బాధ, సిగ్గు రెండూ ఒకేసారి వచ్చాయి. సిగ్గే ఎక్కువ. ఆవిడ ఫోన్‌లో మాట్లాడదామంది, రాయడం రాదని ముందే చెప్పుకుంది. తను తలుపు వెనక కాగితం చూసింది గానీ ఆ మాట చూడలేదు.

“మిషన్ బాగైతే ఆవిడ కుట్టుకుంటుంది, నిజమే” అంది మొగుడితో. “మరి ఈ పేరు ఎవరు బాగుచేస్తారు?”

అతను రెండో బూటు వెతుక్కున్నాడు. అత్తగారు స్టూలు జరిపి కోడలికి చోటిచ్చింది.

కోడలు రాసింది. రాయడానికి అరగంట పట్టింది. “తప్పు మాది. ఫోటోలు తీసేటప్పుడు నేనే రెండు మిషన్ల షటిళ్ళు మార్చి పెట్టాను. ఈవిడ రేకు విప్పింది లోపం ఎక్కడుందో చూడటానికే. ఫిర్యాదు నిజం. తీర్పు మార్చి, ఆవిడ పేరు మీది పట్టీ తీసెయ్యండి. డబ్బు కూడా ఆవిడకే ఇచ్చెయ్యండి.” సైటు ఒకటికి రెండుసార్లు అడిగింది. మీ ఎర్రగుర్తు శాశ్వతంగా ఉండిపోతుంది, సమ్మతమేనా? మీ బంగారు ముద్ర ఈ ఏడాదికి రద్దవుతుంది, సమ్మతమేనా? రెండోదాని దగ్గర కోడలి వేలు ఆగింది. అలమర వైపు చూసింది, తీగ వైపు చూసింది. నొక్కింది.

ముద్ర మాయమైంది. కోడలు ఆ ఖాళీ చోటుకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. దానికి బదులు వెన్నెముక దానంతటదే నిటారైంది, స్కూల్లో అందరి ముందూ పేరు పిలిస్తే లేచి నిలబడ్డట్టు.

“నా కోడలు” అంది అత్తగారు, ఎవరితోనో చెబుతున్నట్టు గోడవైపు చూసి. తర్వాత, “ఆ గోళ్ళరంగు సీసా ఇలా ఇవ్వు” అని తీసుకుంది. తిరిగొచ్చిన మిషన్ కింద ఒక చుక్క, దాని షటిల్ మీద ఒక చుక్క. రెండోదాని కింద రెండు చుక్కలు, దాని షటిల్ మీద రెండు. “కవలలకి మొలతాడు రంగు మార్చి కట్టరూ, ఇదీ అంతే. నాకిది ముందే తోచాల్సింది. కాబట్టి సగం తప్పు నాదే, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.”

*

గూటిపిచ్చుక డబ్బు వద్దంది, మిషన్ పంపమంది. సైటువాళ్ళు పట్టీ తీసేసి, వేలంలో పాడొద్దన్న నిషేధం కూడా ఎత్తేశారు. పంపిన నాలుగో రోజున ఆవిడ దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. సొరుగులో మళ్ళీ పెట్టి పంపిన అదే గుడ్డముక్క. మొదటి వరస అత్తగారిది, రెండోది పళ్ళూడిన దువ్వెన, దాని పక్కన కొత్తగా మూడో వరస. కోడలు ఫోన్ తీసుకెళ్ళి తీగ మీది సగం ముక్క పక్కన పట్టింది. అత్తగారు కళ్ళజోడు ఎత్తి, దించి, ఒక్కో కుట్టూ లెక్కపెట్టినట్టు చూసి తలూపింది.

ఫోటో కింద ఇలా ఉంది: “నేను ఇరవయ్యేళ్ళు ఫ్యాక్టరీలో కుట్టాను. తప్పు మిషన్‌దో నాదో నాకు తెలుసు. అయినా మోసగత్తెనని రాసిన రోజు నా చెయ్యి మీద నాకే అనుమానం వచ్చింది. మీరు రాసింది మా అమ్మాయి చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నాను. మీ ఎర్రగుర్తు తీయించమని నేను సైటువాళ్ళకి రాయించనా?”

“వద్దండీ” అని రాసింది కోడలు. “అది మాదే. ఉండనివ్వండి.” దాని కింద కాసేపు ఆలోచించి, ‘మీరు మాట్లాడతానన్నప్పుడు వినాల్సింది’ అని కూడా రాసింది. ఆ మధ్యాహ్నం అలమర తలుపు వెనక కాగితంలో అడుగున ఇంకో రూలు చేరింది: ఫోటోలు తీశాక మళ్ళీ కుట్టి చూడాలి. పాత రూల్స్ ఏవీ కొట్టెయ్యలేదు. ఇటుకలు పంపేవాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారు.

మర్నాడు తొమ్మిదింటికి రెండు చుక్కల మిషన్‌ని తెల్లదుప్పటి మీద నిలబెట్టింది. ఫోటోలు తీసింది. అత్తగారు మళ్ళీ కుట్టి చూసి సరే అన్నాక వేలంలో పెట్టింది. వివరాల్లో అన్నిటికన్నా పైన కోడలు కొత్తగా ఒక మాట రాసి, పైకి చదివింది: “ముందు మా పేజీలో ఉన్న ఎర్రగుర్తు నొక్కి చదవండి. ఆ తర్వాతే పాడండి.”

“చదివి ఎవరూ పాడకపోతే?” అంది అత్తగారు.

“నేనే పాడతాను లెండి. నా గొంతు మీరు వినలేదు.”

“మీ పెళ్ళిలో విన్నాను. అందుకే భయం.”

కిటికీలో వెలుతురు బల్ల అంచుకి జరిగింది. పది నిమిషాలు, పావుగంట. కోడలు ఫోన్‌ని బోర్లా పెట్టి, మళ్ళీ తిప్పి, మళ్ళీ బోర్లా పెట్టింది. అది మోగినప్పుడు ఉలిక్కిపడి తీసి, చూసి, అత్తగారి ముందుకి తిప్పింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, మొదటి పాట పాడినవాళ్ళ పేరుని కూడబలుక్కుని చదివింది.

“గూ... టి... పి... చ్చు... క.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే ఇద్దరికీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చేది. అత్తగారు ఆకురాయి చేతిలోకి తీసుకుంది.

“పదయిందమ్మాయ్, లే” అంది. “బల్ల నాది.”